మూడు దాటాక

పరవాడలో షిఫ్టు బస్సు దిగేసరికి
చెప్పుల్లో ఇంకా అప్పుఘర్ ఇసక.
గుమ్మం బయటే దులిపేసుకోవాలి.
జడ టోపీలోకి, చేతులు రెండు జతల గ్లౌజుల్లోకి.
రెండువేల లీటర్ల స్టీలు కడుపు ముందు
తెల్లారేదాకా నా కుర్చీ.

లోపలున్నవి కణాలు.
ఎప్పుడో ఒక చిట్టెలుక అండాశయం నుంచి తీసినవి.
ఆ ఎలుక పోయి అరవై ఏళ్లు దాటింది.
ఆకలి మాత్రం ఇక్కడ మిగిలింది.

వీటికి నోరు లేదు, మొప్పల్లేవు,
ఇంటింటికీ మోసుకొచ్చే నెత్తురు లేదు.
పంచదార, ఉప్పులు, కాసిన్ని విటమిన్లు
గొట్టంలోంచి చుక్కచుక్కగా నేనే పంపాలి.
ఎక్కువ పెడితే తిన్నదంతా పులుపు చేసుకుని
ఆ పులుపులోనే కూలబడతాయి.
బాలింత పథ్యమే నయం.

తిండి సంగతి ఎలాగోలా సర్దొచ్చు.
గాలి సంగతే.
నీళ్లు గాలిని పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేస్తాయి.
పోనీ జోరుగా చిలుకుదామంటే
వీటికి గోడల్లేవు,
గడ్డిపరక కణానికున్నపాటి ప్రహరీ కూడా లేదు,
తడి పొర ఒక్కటే.
బుడగ పైకొచ్చి టప్పున పగిలితే
పక్కనున్నవి చీలిపోతాయి.
బతకమని పంపిన బుడగే.
పోలారావుగారు నాకు నేర్పిన పని మొత్తం రెండు మాటలు:
"ఊదకమ్మా. ఊపిరియ్యి."

మూడు దాటాక
నలభై ఉండాల్సిన అంకె ముప్పై ఆరు.
ముప్పై నాలుగు.
ముప్పై ఒకటి.

ఎల్లాజీ మావ గుర్తొచ్చాడు.
భీమిలి అవతల రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాడు.
టార్చి వేస్తే నీళ్లలో వేల ఎర్రకళ్లు.
అవి గట్టుకి చేరాయంటే ఊపిరాడ్డం లేదని లెక్క.
పరిగెత్తి డీజిలింజను తాడు లాగేవాడు,
రెక్కలు చెరువుని దబదబా బాదేవి.
ఒక రాత్రి డీజిలు లేదు.
పక్క చెరువోణ్ణి లేపి, బతిమాలి, తెచ్చేసరికి
గట్టంతా తెల్లగా.
ఆ ఏడంతా రొయ్య ముట్టలేదు.
ఎందుకని అడిగితే,
"అవి కేకెయ్యవు గదే" అన్నాడు.

నా వేలూ రెక్కల వేగం మీదికే పోయింది.
తాడు లాగే వంశం కదా.
వెనక్కి తీసుకున్నాను.
రెక్కల్ని అలాగే తిరగనిచ్చి
వెళ్లే గాలిలో ఆక్సిజన్ పాలు
ఒక్క పిసరు పెంచాను.

ఈ ఊళ్లో గ్యాస్ అన్న మాట
ఇప్పటికీ గట్టిగా అనం.
ఒక ఏడు గాలికి జడిసి పరిగెత్తాం.
మరుసటేడు గాలికోసం క్యూ కట్టాం.
మీటరు ముల్లు చూస్తూ కూర్చోవడం
అప్పుడే మాకందరికీ వచ్చేసింది,
చదువుకున్నోళ్లకీ, లేనోళ్లకీ.

ముప్పై ఒకటి.
ముప్పై రెండు.
మళ్లీ ముప్పై రెండు.
అద్దం బిళ్లలోంచి చూస్తే నురగ,
మావ చెరువులో లాంటిదే, ఇంకా సన్నంగా.
ముప్పై అయిదు.

జబ్బేమీ కాదు.
శాంపిలు తీసి లెక్కపెడితే తెలిసింది,
నిన్నటికీ ఇవాళ్టికీ రెట్టింపయ్యాయి.
ఇల్లు నిండింది,
వచ్చే గాలి అంతే ఉండిపోయింది.

నాలుగున్నరకి నలభై.
లాగ్‌బుక్‌లో ఒక గీత:
ఆక్సిజన్ తగ్గినది. సవరించబడినది.
సంతకం, గరికిన ముత్యాలు.
ఈ మందు ఏ మోకాళ్లకి పోతుందో,
ఆ మోకాళ్లు ఏ మెట్లెక్కుతాయో,
దానికి గడి లేదు.

ఆరింటికి బయటికొచ్చి మాస్కు తీస్తే
సముద్రం గాలి ముఖమంతా కొట్టింది,
లెక్కాపత్రం లేకుండా, ఇష్టమొచ్చినంత.
సంచిలో రాత్రి తాగాల్సిన చోడి అంబలి.
వాటికి పెట్టే ధ్యాసలో నాకు పెట్టుకోలేదు.
మూత తిప్పాను.
బుడగ ఒకటి మెల్లగా పైకొచ్చి
మెత్తగా పగిలింది.
పులిసింది.
అయినా తాగేశాను.